ఇరవైనాలుగు గంటల క్యాను

జగ్గమ్మను చంపింది రోగం కాదు, బరంపురం డాక్టరమ్మ ఇచ్చిన కాగితం. సోనేపూర్ రేవులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మూడేళ్ళుగా ఆమె మొగుడు మసేను నోట వచ్చే మాట ఇదొక్కటే.

ఆ డాక్టరమ్మే ఇప్పుడు అతని అరుగు మీద కూర్చుని ఉంది. పేరు అపర్ణ. ఒళ్ళో ఒక ఫైలు. మసేను లేవలేదు, రమ్మనలేదు. చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు.

"టీ పెట్టమంటావా అయ్యా?" కూతురు సస్మిత గుమ్మంలోంచి అడిగింది.

"మన టీ తాగితే రోగమొస్తాది ఆవిడికి. పేగుల డాక్టరు."

అపర్ణ నవ్వలేదు. "పెట్టమ్మా, పంచదార తక్కువ" అంది. తర్వాత ఫైలు తెరిచింది. "మీ భార్య విశాఖలో పోయారని నాకు పోయిన నెలే తెలిసింది. ఆపరేషన్ కాగితాలు తెప్పించి చూశాను. చిన్నపేగులో నిమ్మకాయంత గడ్డ. కాలేయమంతా పాకింది."

"నాకు సెప్పడానికొచ్చినావేటి? పాడె మోసినోణ్ణి నేను."

"చెప్పడానికి కాదు, అడగడానికి వచ్చాను. అలాంటి గడ్డ ఒక రసాన్ని రక్తంలోకి వదులుతుంది. దాంతో మనిషికి ఉన్నట్టుండి మొహం ఎర్రబడుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి."

మసేను చేతిలో సూది ఆగలేదు. జగ్గమ్మ మొహం ఎర్రబడేది. అన్నం తింటే, తట్ట దించితే, గట్టిగా నవ్వితే. తాగొచ్చిందని రేవంతా అనేది. "ఏ కొట్టులో పోసినారే?" అని మసేనూ అనేవాడు. ఆమె చేప పొలుసు గీకుతూ, తల ఎత్తకుండా, "నువ్వు దాసుకున్న సీసాలోదే" అనేది.

"ఆ రసం అరిగి మూత్రంలో పోతుంది" అంది అపర్ణ. "ఒక పగలూ రాత్రీ వచ్చిన మూత్రమంతా పట్టి తెస్తే, అది ఎంత ఉందో చూస్తాం. ఎక్కువుంటే గడ్డ కోసం వెతుకుతాం. ఎనిమిదేళ్ళుగా నా పని అదే. పంతొమ్మిది మందిలో గడ్డను ముందే పట్టాం."

"ఇరవయ్యోది మాది."

"మీది మామూలుగా ఉందని వచ్చింది. గడ్డ లేదనుకుని ఇంటికి పంపేశాను. అంత పాకిన మనిషికి అలా రాకూడదు. అందుకే అడుగుతున్నాను. నేనిచ్చిన తెల్ల క్యాను..."

"సేపల పెట్టిలో అయిసు మీద పెట్టినాను. పాడవకుండా అడుగున నువ్వు పోసిన మందు పారబొయ్యనేదు. నువ్వొద్దన్నావని మూడు దినాలు అది అరటిపండు ముట్టనేదు, టమాటా ముట్టనేదు. ఇంకేటి కావాల?"

"మర్నాటి పొద్దుటి దాకా అంతా పట్టారా?"

"పట్టినాం. సుక్క పోనేదు."

సస్మిత టీ గ్లాసులు తెచ్చింది. "ఆ దినం అమ్మ గిరిసోల సంతకెల్లింది కదయ్యా? నా పరీక్షలకి పెన్నులు తెచ్చింది."

గ్లాసు అందుకోబోయిన అపర్ణ చెయ్యి ఆగింది. "సంతకా? మరి క్యాను?"

"నెత్తి మీద సేపల తట్ట, సంకలో ఉచ్చ క్యాను. దండోరా కూడా ఎయ్యమందువా?" మసేను కూతురి వైపు తిరిగాడు. "సంతకెల్లింది ముందటి వారం. ప్లస్ టూ పరీక్షలని నీ తల పుస్తకంలో ఉండీది. నీకేటి ఎరిక? లోపలికెల్లు."

సస్మిత లోపలికి వెళ్ళింది.

"ఆలోచించి చెప్పండి" అంది అపర్ణ. ఆమె గొంతు తగ్గింది. "ఒక పూటది పోయినా లెక్క తగ్గుతుంది. పోయిందంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. అంతా పట్టారంటే మాత్రం నా పరీక్షే తప్పు. రేపే ఆపేస్తాను. ఇంకెవరికీ చెయ్యను."

"ఆపేత్తే ఏటవుద్ది?"

"మొన్న గంజాం నుంచి ఒకావిడ వచ్చింది. మొహం కందిపోయి ఉంది. తాగుబోతని అత్తవారు వదిలేశారట. ఆవిడకి క్యాను ఇవ్వాలా, వట్టి చేతులతో పంపాలా అన్నది మీ మాట మీదుంది."

సూది ఆగింది. మసేను సముద్రం వైపు చూశాడు. ఒక పడవ ఒడ్డు పట్టింది. ఆడవాళ్ళు తట్టలతో అటు పరుగెత్తారు.

"సుక్క పోనేదన్నాను. ఎన్నిమార్లు సెప్పాల?"

అపర్ణ ఆ మాటే కాగితం మీద రాసి ఇచ్చింది. మసేను ఊరి బళ్ళో ఏడు చదివాడు. ప్రతి అక్షరం మీద వేలు పెట్టి చదివాడు.

"తప్పు నీదని నేదిందులో."

ఆమె కలం తీసుకుని ఆ ముక్క కూడా రాసింది. అతను సంతకం పెట్టాడు.

"క్షమించమని అడగను" అంది లేస్తూ.

"అడక్కు."

ఆమె ఎక్కిన ఆటో సరుగుడు తోట దాటాక సస్మిత మళ్ళీ బయటికి వచ్చింది. "ముందటి వారం కాదయ్యా. నాకు బాగా..."

"ఇనుకో." మసేను గొంతు హెచ్చలేదు. "ఆ క్యాను మాట ఈ ఇంట్లో ఇదే ఆఖరు. నువ్వెత్తకూడదు. సచ్చీదాకా నేనెత్తను."

సస్మిత తండ్రి మొహంలోకి చూసి, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. అతను వల మీదికి వంగాడు.

ఆ క్యానులో ఉన్నది మసేను మూత్రం.