పక్క మంచం దిండు

"అలా వెల్లకిలా పడుకోబెట్టకండమ్మా. లేపి కూర్చోబెట్టి, దిండు పొట్టకు ఆనించి ముందుకు వంగమనండి."

ఆస్పత్రి వార్డులో పక్క మంచం మనిషి మాట పూర్తికాకముందే ఆమె మంచాల మధ్య తెర చర్రున లాగేసింది.

అడక్కుండా సలహాలిచ్చేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. పైగా ఆ మనిషి చేతులు ఎప్పుడూ వణుకుతుంటాయి. తాగి తాగి క్లోమం పాడుచేసుకున్న బాపతని ఆమె మొదటిరోజే తేల్చేసింది.

వడ్రంగం చేసే తన మొగుడు చుక్క ముట్టి ఎరగడు. అయినా అదే జబ్బు పట్టుకుంది. చూడవచ్చిన చుట్టాలందరిదీ కూడబలుక్కున్నట్టు ఒకటే ప్రశ్న, ఏమాత్రం తాగేవాడని. ఆ మాటకు ఆమె ప్రాణం చచ్చిపోయేది. ఆ తాగుబోతుతో కలిపి తన మనిషిని ఎవరూ జమకట్టకూడదనే ఈ తెర.

తెర ఇవతల ఆయన నొప్పికి మెలికలు తిరిగిపోతున్నాడు. చేసేదిలేక ఆమె దిండు తెచ్చి పొట్టకు ఆనించింది. కాసేపటికి ఆయన కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. సలహా పనిచేసినందుకు ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

తిండితో పాటు వేసుకునే క్యాప్సూళ్ళు అయ్యాయి. నోట్లోంచి గొట్టం వేసి లోపల స్టెంటు పెట్టడమూ అయింది. నొప్పి తెలియకుండా నరాల దగ్గర ఇచ్చిన ఇంజెక్షను మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. క్లోమంలో నాళం నిండా రాళ్ళే. ఇక మిగిలింది ఆపరేషన్, అది చేసే పెద్ద డాక్టరుగారు సెలవులో ఉన్నారు, వచ్చాక చూద్దాం అన్నాడు కుర్ర డాక్టరు, నేల చూపులు చూస్తూ.

అప్పటినుంచి పొద్దున్నే నర్సు కనబడితే చాలు, పెద్ద డాక్టరుగారు వచ్చారా అని అడిగేది. నర్సు తల అడ్డంగా ఊపి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయేది. అక్కడ నర్సులందరికీ మహా మర్యాద. పలుకుబడి ఉన్న తాగుబోతు కాబోలు అనుకునేది ఆమె.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ళు పట్టుకొచ్చేసరికి ఆ మనిషి తన మొగుడి స్కాన్ ఫిల్ము కిటికీ వెలుగులో పెట్టి చూస్తున్నాడు.

చేతిలోంచి లాక్కుంది.

"పెళ్ళిఫోటో అనుకున్నారా?"

అతను నొచ్చుకోలేదు. "ఇది ఆపరేషన్‌తో బాగయ్యేదేనమ్మా. కానీ ఆ డాక్టరు కోసం ఆగకండి. వేరే ఊళ్ళో చేసేవాళ్ళున్నారు, నేను కబురు చేస్తాను. ఈ వారమే తీసుకెళ్ళండి."

"ఆయన హస్తవాసి మంచిదని అందరూ అంటుంటే మధ్యలో మీరెవరు?"

"ఆయన రాడమ్మా."

"మీ నోట మంచిమాటే రాదా? అంత తెలిసినవారు మీరెందుకు చేయించుకోలేదో?"

"పనిలో పడి, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. చెయ్యి దాటిపోయింది."

ఆ పనేమిటో తనకు తెలియదా అన్నట్టు ఆమె మూతి తిప్పుకుని మళ్ళీ తెర లాగింది.

"ఎందుకే అలా కసురుతావు?" అన్నాడు మొగుడు నీరసంగా. "వణికితే వణికాయిగానీ, అవి మంచి పనివాడి చేతులు."

ఆమె వినిపించుకోలేదు. పెద్ద డాక్టరుగారు వస్తారు. ఆ ఆశ ఒక్కటే ఆమెకు మిగిలింది, దాన్ని ఎవరో లాక్కుంటానంటే ఎలా ఇస్తుంది?

మర్నాడు ఆమె ముఖం కడుక్కుని వచ్చేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. కుర్ర డాక్టరు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

పోయాడని అర్థమైంది. నిన్నటి మాటలు గుర్తొచ్చి ఆమెకు ఎలాగో అయింది. ఇంతలో మొగుడు మళ్ళీ మూలగడం మొదలుపెట్టాడు. ఆమె వెళ్ళి నర్సు చెయ్యి పట్టుకుంది.

"ఇవాళైనా వస్తారా సిస్టర్, పెద్ద డాక్టరుగారు?"

నర్సు ఖాళీ మంచం మీది దిండు తెచ్చి వడ్రంగి ఒళ్ళో పెట్టింది.

"ఆయన ఇన్నాళ్ళూ ఈ పక్క మంచం మీదే ఉన్నారమ్మా, తెలిస్తే మీకు ధైర్యం చెడుతుందని మమ్మల్ని చెప్పనివ్వలేదు."