మేకులు చల్లిన చేను

ఆదివారం వచ్చిందంటే ఓబులమ్మకు ఒళ్లు మండిపోతుంది. ఇంటింటికీ నిధులు వెతికే యంత్రాలు వచ్చిపడ్డ కాలం అది. పట్నం జనం బస్సుల్లో దిగి, ఆమె వేరుశనగ చేనంతా గుంతలు చేసి పోతారు. వాళ్లను ఏమార్చాలని ఈసారి విత్తనాలతో పాటు తుప్పు మేకులు కూడా చల్లింది. కొత్త యంత్రాలు దానికీ లొంగలేదు.

"మేకు... మేకు..." అని పలుకుతూ వచ్చిన యంత్రమొకటి గట్టు పక్కన ఆగింది. "వెండి! చిన్న వస్తువు!"

ఓబులమ్మ కొడవలితోనే పరుగెత్తుకొచ్చేసరికి, దాన్ని తెచ్చిన కళ్లజోడు యువకుడొకడు మోకాలి లోతు తవ్వేశాడు.

"ఆపు రా! నీ చేతులు పడిపోను!"

"నిధి పెద్దమ్మా! సగం మీకే ఇస్తాలే."

"నిధి కాదు రా, నా కూతురు! ఏడాదైనా నిండకుండానే పాయె. పూడ్చేటప్పుడు ఒంటి మీద ఏమీ ఉంచగూడదనిరి. ఆ వెండి మొలతాడు మాత్రం నేను తెంపనీలేదు."

యువకుడు పార కింద పడేశాడు. యంత్రం మాత్రం "అభినందనలు! వెండి!" అని అరుస్తూనే ఉంది. ఓబులమ్మ ఒక్క తన్ను తన్నితే అది పోయి గట్టవతల పడింది.

పార తీసి అతని చేతిలోనే పెట్టింది.

"నువ్వే పూడ్చు. ఒకసారి నేను పూడ్చినా. రెండోసారి నా చేత గాదు."