సింగిల్ ఓనర్ బాతు

చెరువులో నీళ్లు అడుగంటుతున్న రోజుల్లో కొంగ ఒక వలస బాతును అమ్మకానికి తెచ్చింది.

"సింగిల్ ఓనర్ బాతు. ఎక్కడా దిగకుండా మూడు కొండలు దాటుతుంది," అంది.

కప్పల పెద్ద బోదురుకప్ప. అది బాతు రెక్కలెత్తి చూసింది, ఈకలు లాగి చూసింది, వీపెక్కి చెరువు మీద ఓ చుట్టు తిరిగొచ్చింది.

"ముందు నేను వెళ్లి నీళ్లెక్కడున్నాయో చూసొస్తాను. తర్వాత మిమ్మల్ని ఒక్కొక్కరిగా చేరవేస్తాను," అంది.

కొంగ అడిగిన ధర ఆ ఏడాది పుట్టిన కప్పపిల్లలు. తల్లికప్పలు గుండె రాయి చేసుకుని ఒప్పుకున్నాయి. బోదురుకప్పకు పిల్లల్లేరు.

ముసలి కప్ప ఒకటి అడిగింది. "ఇంత మంచి బాతును పాత ఓనర్ ఎందుకు అమ్ముకున్నాడయ్యా?"

"ఆయనకిక దీంతో పనిలేదమ్మా. కొండల అవతల నిండు చెరువులో హాయిగా ఉన్నాడు," అంది కొంగ.

అవతల నీళ్లున్నాయని కప్పలన్నీ గంతులేశాయి. ఆయన చెరువువాళ్లు ఏమయ్యారని ఒక్కటీ అడగలేదు.

కొంగ పిల్లల్ని తినేసింది. బోదురుకప్ప బాతెక్కి వెళ్లింది. కొండల అవతల నిండు చెరువులో దిగి, ఇక పనిలేదని బాతును కొంగకే తిప్పి పంపింది. ఇక్కడ బురద బీటలు వారింది. కప్పలు ఆకాశం వైపు చూస్తూ చూస్తూ ఎండిపోయాయి.

కొంగ బాతు ఈకలు దువ్వి పక్క చెరువుకు తోలుకెళ్లింది.

"సింగిల్ ఓనర్ బాతు," అంది అక్కడి పెద్దతో. "ఆయనా? కొండల అవతల హాయిగా ఉన్నాడు."