నాలుగో నంబరు రక్తం

మూడోసారి కూడా మెషీన్ అదే చూపించింది. పరిశోధక విద్యార్థిని నావో కుర్చీలో కూలబడింది.

నాలుగో నంబరు రక్తానికి వైరస్ సోకింది. దాన్ని చంపడానికి పుట్టే టి కణాలు తెర నిండా ఎర్ర చుక్కలై కిటకిటలాడుతున్నాయి. అంటే ఈమధ్యే, కొత్తగా సోకిందన్నమాట. ఆ నాలుగో నంబరు ఇంకెవరో కాదు, ల్యాబ్ పెద్ద, అందరూ ‘సెన్సే’ అని, అంటే గురువుగారని పిలిచే ప్రొఫెసర్ కుషిమా.

నూటికి తొంభై అయిదు మందికి ఎప్పుడో చిన్నప్పుడే ఎంగిలి ద్వారా అంటుకుని, జన్మంతా ఒంట్లో పడి ఉండే వైరస్ అది. పెద్దయ్యాక సోకితే గొంతు వాచి జ్వరం వస్తుంది. కుర్రకారు దాన్ని ముద్దుల జబ్బు అంటారు. యాభై నాలుగేళ్లొచ్చినా అది అంటని అరుదైన మనిషి కాబట్టే సెన్సే ప్రతి నెలా చెయ్యి చాపి శుభ్రమైన రక్తం ఇస్తారు. రోగుల రక్తాన్ని దాంతోనే పోల్చి చూస్తారు. ఇరవై ఏళ్ల పరిశోధన ఆ ఒక్క చేతి మీద నడిచింది. ఆవిడ ఒకరి కప్పులో తాగరు, ఒకరి గిన్నెలో చాప్‌స్టిక్స్ పెట్టరు. “సెన్సే దగ్గరికి రావాలంటే వైరస్ కూడా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి” అని ల్యాబ్ పిల్లలు చాటుగా నవ్వుకుంటారు.

నావోకి ఇప్పుడు నవ్వు రావడం లేదు. నెలన్నర కిందట, డిసెంబరు చివర్లో, గిర్రున తిరిగే మెషీన్‌లో ఆమె పెట్టిన గొట్టం ఒకటి పగిలింది. అందులో ఉన్నది ఈ వైరసే; ఒంట్లో చేరాక నెలకిగానీ బయటపడదు. అప్పుడు సెన్సే పక్క బల్ల దగ్గరే, అటు తిరిగి పని చేసుకుంటున్నారు. నావో గబగబా తుడిచేసింది. రిజిస్టరులో మాత్రం రాయలేదు.

“సెన్సే, మీ గొంతు నొప్పి ఎన్నాళ్లుగా?”

మెడకి శాలువా చుట్టుకుని వేడి టీ తాగుతున్న సెన్సే తలెత్తారు. “పది రోజులు. జలుబులే. ఏం?”

నావో తెర చూపించింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

“గొట్టాలు తారుమారు చేశావా?”

“లేదండీ. మూడుసార్లు చూశాను.”

“అయితే నాకే.” సెన్సే కప్పు కింద పెట్టారు. “ఇక్కడే అంటుకుందంటే ల్యాబ్‌కి తాళం పడుతుంది. మునకతా గారిని పిలవాల్సిందే.”

మునకతా యూనివర్సిటీ భద్రతాధికారి. భార్య పోయాక ఆయనకి ఫారాలే సంసారం అంటారు. ‘ఏ గడీ ఖాళీగా ఉండకూడదు’ అన్నది ఆయన రోజూ జపించే మంత్రం. నిరుడు చేతితొడుగుల సైజు రాయలేదని ఓ ల్యాబ్‌ని రెండు రోజులు మూయించిన ఘనుడు.

ఆయన ఫైలుతో లోపలికి రాగానే నావో నడుము దాకా వంగింది.

“తప్పు నాదేనండీ. డిసెంబరులో గొట్టం పగిలింది. భయపడి రాయలేదు.”

నిప్పులు కురుస్తాయనుకుంది. మునకతా ఒకసారి సెన్సే వైపు చూసి, తల దించుకున్నారు.

“నువ్వు ఏడవకమ్మా. దానివల్ల కాకపోవచ్చు.”

ఆయన అంత మెత్తగా మాట్లాడేసరికి నావోకి ఉన్న ధైర్యం కాస్తా పోయింది.

“కాకపోవచ్చు ఏమిటి?” సెన్సే విసుక్కున్నారు. “పరీక్ష చేద్దాం. మనం పెంచే వైరస్ జన్యువులో ఒక ముక్క తక్కువ. ఊళ్లో తిరిగేదానికి ఆ ముక్క ఉంటుంది. ఆ ముక్క ఉంటే పరీక్షలో తెల్లటి గీత పడుతుంది. పడితే బయటిది, పడకపోతే మనది. మనదైతే మీ తాళం మీరు వేసుకోండి.”

“పరీక్ష దాకా ఎందుకు...” మునకతా నసిగారు.

“పరీక్ష చేసి తీరాలని నియమం రాసింది మీరే కదండీ!”

మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో నావో తన జీవితమంతా కళ్లముందు మూతపడటం చూసింది. తాళం పడితే మూడేళ్లుగా పెంచిన కణాలు చచ్చిపోతాయి. మార్చిలో రావాల్సిన డాక్టరేట్ గంగలో కలుస్తుంది. అన్నిటికంటే, తనని కన్నకూతురిలా చూసుకున్న మనిషికి తన చేత్తో జబ్బు అంటించినట్టవుతుంది. మునకతా సంగతి మరీ విచిత్రం. నావో కంటే ఆయనకే ఎక్కువ చెమటలు పడుతున్నాయి.

మెల్లగా, సన్నగా, తెల్లగా గీత తేలింది.

“పడింది సెన్సే! గీత పడింది! మనది కాదు!” నావో ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. గుండెల మీంచి కొండ దిగిపోయింది.

సెన్సే బొంగురు గొంతుతో హాయిగా నవ్వారు. “బతికిపోయాం. గొట్టం సంగతి దాచినందుకు మాత్రం ఊరుకోను. ముందు రిజిస్టరులో రాయి.”

తప్పు ఒప్పుకోవడం ఇంత సంతోషంగా ఉంటుందని నావోకి ఆ రోజే తెలిసింది. గుండ్రటి అక్షరాలతో అరపేజీ రాసింది.

మునకతా ఫారం తీసి ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చారు. ల్యాబ్‌లో సోకిందా? లేదు. మూసివేత? అక్కర్లేదు. ‘ఎవరి ద్వారా సోకింది’ అన్న గడి దగ్గర ఆయన పెన్ను ఆగిపోయింది.

“బయట ఎక్కడో అని రాసేయండి, చాలు,” అన్నారు సెన్సే, కిటికీ వైపు తిరిగి.

“ఎక్కడో అని రాస్తే ఖాళీగా వదిలినట్టే.”

మునకతా పెన్ను మూసేశారు. జేబులోంచి సంతకానికి బదులు వాడే, తన పేరు చెక్కిన ముద్ర తీసి, ఎర్ర సిరాలో అద్ది, ఆ గడిలో నిదానంగా నొక్కారు.

“అయ్యో, మునకతా గారూ!” నావో కంగారుపడింది. “అధికారి ముద్ర వేయాల్సింది కింది గడిలో కదండీ!”

సెన్సే శాలువాని ముక్కు దాకా లాక్కున్నారు. చెవులు మాత్రం ఎర్రగా బయటే ఉండిపోయాయి.

“తెలుసమ్మా,” అన్నారు మునకతా. “నేను వేసింది సరైన గడిలోనే.”