పాట అయ్యాక

"ముందు మీరెవరి బిడ్డో చెప్పండి. ప్రశ్న తర్వాత."

ఆదివాసీ పరిశోధకుల సదస్సులో అది కట్టుబాటు. మైకు ముందుకొచ్చిన వాళ్ళెవరైనా తల్లి పేరు, తన పేరు చెప్పాకే ప్రశ్న అడగాలి. బయటివాళ్ళు వచ్చి పాటలన్నీ మూటగట్టుకుపోవడం చూసీ చూసీ విసిగిపోయిన పెద్దవాళ్ళు పెట్టుకున్నది.

మైకు ముందున్న గళ్ళ చొక్కా మనిషికి అరవై దాటి ఉంటాయి. గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"అవేవీ నాకు తెలీవండి. ఆ పాట చివర్న ఏముందో ఒక్కసారి వినిపిస్తారా?"

హాల్లో నవ్వులు.

అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. వినపడలేదేమోనని అదే ప్రశ్న తమ భాషలో మళ్ళీ అడిగాడు.

గళ్ళ చొక్కా మనిషి బిక్కమొహం వేశాడు.

"మన మాటే రాదు!" వెనక వరసలోంచి ఎవరో అందుకున్నారు. "ఏ సినిమావాళ్ళో పంపుంటారు, పాట కొట్టేయడానికి."

వేదిక మీదున్న అమ్మాయికి ఒళ్ళు మండింది. చెవులకి ఎప్పుడూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని తిరుగుతుందని తోటివాళ్ళు ఆమెకి పెట్టిన పేరు టేపులమ్మాయి. ఈ సభ సరేనంటేనే ఆమె పీహెచ్‌డీ థీసిస్ యూనివర్సిటీకి వెళ్తుంది.

థీసిస్ అంతా ఒక్క పాట మీద. తమవాళ్ళలో ఒక తల్లి ఏరు దాటుతూ పాడుకునే పాటను ఎప్పుడో ఎవరో సర్కారు ఉద్యోగి రికార్డు చేశాడు. పాడినావిడ పేరు ఎక్కడా లేదు. గాలి హోరు, కుక్క అరుపులు అన్నీ తీసేసి, గొంతు ఒక్కటే మిగిల్చింది టేపులమ్మాయి. ఇందాక వినిపిస్తే హాలంతా కళ్ళు తుడుచుకుంది. రికార్డు చేసిన రెండు చక్రాల పాత మిషను కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది.

గళ్ళ చొక్కా మనిషి చూపు ఆ మిషను మీదే ఉంది.

"చివర్న ఏం లేదండి. పాట అయిపోయింది," అందామె.

"అయ్యాక కూడా టేపు తిరిగిందేమో కదమ్మా?"

"తిరిగింది. అదంతా ఉత్త గోల. కోసేశాను."

"ఆ గోలే కావాలమ్మా."

ఈసారి నవ్వులు ఇంకా గట్టిగా వినిపించాయి. అధ్యక్షుడు సైగ చేస్తే ఇద్దరు కుర్రాళ్ళొచ్చి ఆయన్ని చెరో భుజం పట్టుకుని బయటికి నడిపించారు. ఆయన గొడవేం చేయలేదు. అలా నడిపించుకుపోవడం చిన్నప్పట్నుంచీ అలవాటైనట్టు నడిచాడు.

సభ చప్పట్లు కొట్టి సరేనంది.

భోజనాలకి దిగుతుంటే మెట్ల దగ్గర మళ్ళీ ఆయనే.

"కోసేసింది పారేశారా అమ్మా?"

"లేదండీ. అసలు టేపు నా గదిలో భద్రంగా ఉంది."

"ఒక్కసారి..."

"ఇప్పుడెక్కడ కుదురుతుంది? రేపు రండి బాబాయ్, చూద్దాం."

వదిలించుకోవడానికి అందరూ అనే రేపే అది. ఆయన దాన్ని నిజమైన రేపనుకున్నాడు.

"రేపు తప్పకుండా వస్తాను," అంటూ దణ్ణం పెట్టాడు. మణికట్టుకి ఆస్పత్రి వాళ్ళు కట్టే ప్లాస్టిక్ పట్టీ ఉంది. ఆమె చూసింది. చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు నర్సు వచ్చింది.

"మా వార్డులో పెద్దాయన ఒకరు నిన్న చెప్పకుండా ఇక్కడికొచ్చారట. పొద్దున పోయారు. నా అన్నవాళ్ళు లేరు. మీవాళ్ళేమోనని..."

"మావాడు కాదమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "మా మాట ఒక్క ముక్క రాదు."

"ఎలా వస్తుంది సార్? ఊహ తెలిసీ తెలియని వయసులో జీపెక్కించి తీసుకుపోయి సర్కారు హాస్టల్లో పడేశారట. ఇప్పుడున్న పేరు కూడా అక్కడివాళ్ళు పెట్టిందే."

ఆ జీపుల సంగతి అక్కడ తెలియనివాళ్ళు లేరు. అధ్యక్షుడి సొంత తమ్ముడు కూడా అలా వెళ్ళినవాడే, మళ్ళీ రాలేదు.

"వాళ్ళమ్మ గురించి ఒక్కటే గుర్తుందనేవారు. రెండు చక్రాలు తిరిగే పెట్టేదో ముట్టుకోబోతే ఆవిడ కేకేసిందట. ఏమని పిలిచిందో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తురాలేదట. మా గోడ మీద మీ పోస్టరులో ఆ పెట్టె బొమ్మ చూసినప్పట్నుంచీ మనిషి మంచం మీద నిలవలేదు."

టేపులమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

ఆ గోల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకి కంఠతా వచ్చు. కోయడానికి ఎన్నిసార్లు విందని! టేపు దాకా ఎందుకు, నిన్న మెట్ల మీద నోటితో చెప్పినా సరిపోయేది. ఒక్క మాట. అన్నం చల్లారేలోపు అయిపోయే పని.

సాయంత్రం గొయ్యి చుట్టూ నిన్న నవ్విన వాళ్ళందరూ తలలు దించుకుని నిలబడ్డారు. మట్టి వేసే ముందు అడగాల్సింది కూడా ఆ ప్రశ్నే; పోయినవాళ్ళ తరఫున అయినవాళ్ళు జవాబు చెప్పాలి.

"ఎవరి బిడ్డవు నాయనా?" అన్నాడు అధ్యక్షుడు.

జవాబు చెప్పేవాళ్ళెవరూ లేరు.

టేపులమ్మాయి అసలు టేపు ఎక్కించిన పాత మిషను తెచ్చి గొయ్యి అంచున పెట్టి, మీట నొక్కింది. చక్రాలు తిరిగాయి. గాలి హోరు, కుక్క అరుపులు, పాట, అన్నీ వచ్చాయి. పాట అయిపోయింది.

ఆమె ఆపలేదు.

చిన్న వేళ్ళు పెట్టె మీద టకటకా కొట్టిన చప్పుడైంది, పాడినావిడ నవ్వాపుకుంటూ బిడ్డని పేరు పెట్టి పిలిచి, "దాన్ని ముట్టుకోకు, నా దగ్గరికి వచ్చెయ్," అంది.