జవాబు వచ్చింది

"వెళ్ళిందా అండీ?" అతను గుమ్మంలో చెప్పులైనా విప్పకముందే ఎదురొచ్చి అడిగింది భార్య.

"ఆఁ" అన్నాడు అతను, వంగి చెప్పులు పక్కకి సర్దుతూ.

"వీడియోతో సహా?"

"అన్నీను. ముందు కాసిని మంచినీళ్ళివ్వు."

"హమ్మయ్య! ఇంక మన చేతుల్లో ఏం లేదు" అంటూ లోపలికి పరిగెత్తింది.

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పడం ఆమె ఉద్యోగం. ఆసుపత్రిలో అందరికీ ఆమె మాటల టీచరమ్మ. ఇక్కడ నేర్చుకున్న నాలుగు మాటలూ రోగులు ఇంటికెళ్ళాక సాధన లేక మరిచిపోతున్నారని ఆమెకి దిగులు. అందుకే తీరిక చేసుకుని ఒక యాప్ తయారుచేసింది. ఫోన్లో బొమ్మ మీద వేలు పెడితే మాట వినిపిస్తుంది, రోగి అది విని అలాగే పలకాలి. దాన్నొక కంపెనీగా నిలబెట్టాలని ఆమె కోరిక. పై దేశం ఒకదానిలో ప్రభుత్వమే డబ్బు పెట్టి, ఇలాంటి కొత్త కంపెనీల వాళ్ళని పిలిపించుకుని, ఏడాదిపాటు ఇల్లూ ఆఫీసూ ఇచ్చి వ్యాపారం నేర్పుతుందట. స్టార్టప్ యాక్సిలరేటర్ అని పేరు. ఇంట్లో నెట్ నత్తనడక. అందుకని దరఖాస్తు అంతా సిద్ధం చేసి, భర్త పనిచేసే కళ్ళద్దాల దుకాణం నుంచి పంపమని ఇచ్చింది. ఆఖరి తేదీ ఆవేళే.

చిక్కల్లా ఒకటే. ఆ ఏడాదీ ఆమె ఒక్కతే అక్కడ ఉండాలి.

"ఏడాదెంతండీ, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది" అంది ఆమె, భోజనాల దగ్గర.

"అక్కడే ఉండిపోతానంటే?"

"మీరు చేసే కాఫీ అక్కడ దొరకదుగా, వచ్చేస్తాన్లెండి."

ఇద్దరూ నవ్వారు. అతని నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఒకప్పుడు సొంత దుకాణం పెట్టి, చేతులు కాల్చుకుని, మళ్ళీ ఒకరి కింద జీతానికి చేరినవాడు అతను. రేపు పెళ్ళాం విమానమెక్కితే నలుగురూ ఏమనుకుంటారు? అసలు తిరిగొచ్చాక ఆమె కంటికి తను ఆనుతాడా? ఈ పురుగు తొలవడం మొదలై చాలా రోజులైంది. ఆమెకి ఆ అవకాశం రాకూడదనే కోరుకున్నాడు. కట్టుకున్నదాని నోటి దగ్గర కూడు లాక్కునే కోరిక అది. తెలిసే కోరుకున్నాడు.

ఆనాటి నుంచీ అతనికి మనసు మనసులో లేదు. ఒకరి కుడి కంటి అద్దం ఎడమ వైపు బిగించాడు. "ముందు నీకో జత చేసుకోవయ్యా" అన్నాడు యజమాని. దుకాణమంతా ఘొల్లుమంది. ఇంటికొస్తే, కుక్కర్ కూత వేసినా ఫోనే అనుకుని ఉలిక్కిపడే భార్య. ఆమె మొహంలోకి సూటిగా చూడలేక పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఒక సాయంత్రం ఆమెని తీసుకురావడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. వరండాలో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆయన భార్య ఫోను పట్టుకుని ఉంది. పెద్దాయన వేలు వణుకుతూ వెళ్ళి ఇల్లు బొమ్మ మీద ఆనింది.

"ఇంటికి పోదాం" అంది ఫోను. అది అతని గొంతే. యాప్‌లో మగగొంతు మాటలన్నీ భార్య అతనిచేతే చెప్పించి రికార్డు చేసింది.

"ఇం... టికి... పోదాం" అన్నాడు పెద్దాయన.

"టీచరమ్మ ఎక్కడున్నారండీ?" అని అతను అడగ్గానే ఆవిడ చివ్వున తలెత్తింది. "ఈ గొంతు మీదేనా నాయనా! బస్సు నడిపినన్నాళ్ళూ ఊరందరితో కబుర్లే ఈయనకి. అలాంటి మనిషికి మాటే పోయింది. మీ చలవే బాబూ ఇది" అంటూ అతని రెండు చేతులూ పట్టుకుంది.

నిప్పులు పట్టుకున్నట్టనిపించింది అతనికి.

అంతలో అతని భార్య, డాక్టరమ్మ మాట్లాడుకుంటూ బయటికొచ్చారు. "ఎన్నాళ్ళని అలా ఎదురుచూస్తావు? వాళ్ళ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోరాదూ" అంటోంది డాక్టరమ్మ.

"రేపు చేస్తాను" అంది భార్య.

అతను వాళ్ళకంటే ముందే గేటు వైపు నడిచాడు.

మర్నాడు పని ముగించుకుని, ఈవేళ చెప్పేయాలని గట్టిగా అనుకునే ఇంటికొచ్చాడు. తిడితే తిట్టనీ, మాట్లాడ్డం మానేస్తే మానేయనీ. ఈ బరువు ఇంక మొయ్యలేడు. ఆమె వంటింట్లో అటు తిరిగి కూర తరుగుతోంది.

"నీకో మాట చెప్పాలి" అన్నాడు.

"నేనే ముందు చెప్తానుండండి. జవాబు వచ్చింది."

అతను తలుపు రెక్క పట్టుకున్నాడు. "ఏమని?"

"నచ్చలేదట. ఈసారికి మనకి లేదన్నారు."

కత్తి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. ఆమె దగ్గరికొచ్చే రోగుల్లాగే అతనికి నోరు కదులుతోంది గానీ మాట రావడం లేదు. ఆమె ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. తరుగుతున్నవి ఉల్లిపాయలు కావు, క్యారెట్లు.

"నా వల్లే..." అన్నాడు ఎలాగో.

"మీ వల్లేమిటి? వాళ్ళకి నచ్చలేదు, అంతే. ఇంక ఆ ఊసెత్తకండి." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇన్నాళ్ళుగా మీకు తిండీ నిద్రా లేకపోవడం నేను చూడలేదనుకున్నారా? ఇవాళైనా కడుపునిండా తిని హాయిగా పడుకోండి."

"మరి నువ్వు?"

"వచ్చే ఏడాది మళ్ళీ పిలుస్తారటగా, పెట్టుకుంటాను. అప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టన్లెండి. అన్నీ నేనే చూసుకుంటాను."

కంచం పెట్టి, కొసరి కొసరి వడ్డించింది. అతను తలెత్తలేదు. కలిపిన అన్నమే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపి, చెయ్యి కాసేపు అతని భుజం మీద ఉంచింది. ఆ జవాబేదీ, చూపించమని అతను అడగలేదు.

ఆ దరఖాస్తు అతను పంపనే లేదు.