అవ్వ చూసుకుంటాది

"పో నాయనా, బంతి తెచ్చుకో" అంది ప్రేమలత టీచరు.

ఎర్ర బంతి దొర్లుకుంటూ అంగన్‌వాడీ గడప దాకా పోయి ఆగింది. వేరే పిల్లలైతే ఈపాటికి దాని కోసం ఒకరి మీద ఒకరు పడి కొట్టుకునేవాళ్లు. లోకేష్ లేచి నాలుగడుగులు వేశాడు. అంతే. ఎదురుగా గోడేదో ఉన్నట్టు టక్కున ఆగిపోయాడు. బంతి వైపు కాసేపు చూసి, వెనక్కి వచ్చి తన చోట తాను కూర్చున్నాడు.

"ఈ దొరకు కాళ్లు యాడ అరిగిపోతాయో!" అంది ఆయా పద్మ, గుడ్లు ఒలుస్తూ. "ఎవురన్నా తెచ్చి చేతిలో పెట్టల్ల."

ఈ ఏడే ఈ ఊరికి వచ్చిన ప్రేమలతకు నవ్వు రాలేదు. ఐదో ఏడు నడుస్తున్న పిల్లవాడు. మాట లేదు, ఆట లేదు. పిలిస్తే తల తిప్పుతాడు. కాకి బొమ్మ చూపిస్తే మాత్రం కాకి అనడు. ఆకలేసినా అన్నం అనడు, పెట్టేదాకా ఊరికే కూర్చుంటాడు. వారంలో ఒకటి రెండు రోజులు వస్తే గొప్ప. జూన్‌లో ఒకటో తరగతికి పోవాలి. బడి అయ్యవారు ముందే తెగేసి చెప్పాడు.

"తలకాయ సరిగా లేనోన్ని నాకు అంటగట్టొద్దు టీచరమ్మా. అట్లాంటోళ్లకు కర్నూలులో వేరే బడి ఉంది, ఆడికి పంపీ."

ఒకసారి ఆ ముద్ర పడితే వీడి బతుకంతా అంతేనని ప్రేమలతకు తెలుసు.

మధ్యాహ్నం కొడుకును తీసుకుపోవడానికి బసమ్మ వచ్చింది.

"ఏం బసమ్మా, నీకు పని లేని రోజే వీడికి బడా?"

"నేను కూలికి పోతే ఎవురు తెస్తారు టీచరమ్మా? పత్తి తీసేకి తెల్లారకముందే ఆటో వచ్చేస్తాది. వాళ్ల నాయన చూస్తే బెంగళూరులో బేల్దారి పనిలో ఉండాడు."

"మరి పగలంతా వీడు ఎవరి దగ్గరుంటాడు?"

"అవ్వ చూసుకుంటాది."

"ఆ అవ్వనే రోజూ తెచ్చి దిగబెట్టమను."

"మా అత్తకు మోకాళ్ల నొప్పులు. గడప దాటలేదు." బసమ్మ కొడుకును చంకకెత్తుకుంది. "మా వాడు ఎవురినీ సతాయించడు టీచరమ్మా. యేసురత్నన్న కూతురు ఆడుకుంటా పోయి కాలువలో పడి సచ్చిపోలేదా? మా వీధి పిల్లోళ్లు ఇప్పటికీ ఆ కట్ట మీదే ఎగురుతాంటారు. వీడు ఒక్కనాడన్నా కట్ట ఎక్కలేదు. అంత బుద్ధిమంతుడు."

ప్రేమలత ఊరుకోలేదు. మరుసటి వారం తల్లీకొడుకులను వెంటబెట్టుకుని ఆదోని బస్సెక్కింది. పిల్లల డాక్టరు చెవులు చూశాడు, నాలుక చాపించాడు, బొమ్మలు ముందేసి ఓపిగ్గా చాలాసేపు గమనించాడు.

"చెవులు బాగున్నాయి. నాలుక బాగుంది. తలకాయకూ ఏ లోపమూ లేదు" అన్నాడు. "వీడితో ఎవరూ మాట్లాడటం లేదమ్మా. నాలుగు మాటలు చెవిలో పడితేనే కదా, ఒక మాట నోట్లోంచి వచ్చేది?"

బసమ్మ తల వంచుకుంది. డాక్టరు పిల్లవాడి కుడికాలు పట్టుకుని చూశాడు.

"ముందు ఈ నల్లదారం తీసెయ్. కింద చర్మం ఒరుసుకుపోయింది."

"దిష్టి దారం సార్. తీయగూడదు."

"దిష్టి సంగతేమో గానీ పుండు ముదురుతుంది" అని పూత మందు రాసిచ్చాడు.

తిరుగు బస్సులో లోకేష్‌ను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. రోడ్డు పక్కన గొర్రెల మంద కనిపించగానే వాడు వేలు చూపించి "మ్మే" అన్నాడు. ప్రేమలతకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వింటివా బసమ్మా? వీడికి తలకాయ సరిగా లేదంట! నువ్వు రోజూ మాట్లాడు వీడితో."

"ఎప్పుడు మాట్లాడేది టీచరమ్మా? నేనొచ్చేసరికి పొద్దు గుంకుతాది. రొట్టె కాల్చేలోపల వాడు నిద్రపోతాడు."

"అవ్వ ఉంది కదా! ముసలోళ్లకు కతలకేం కరువు?"

బసమ్మ అటు తిరిగి కిటికీ బయటికి చూసింది. "శానా బాగా సెప్తుండె మా అత్త" అంది.

"అయితే రేపు పొద్దున్నే నేనే మీ ఇంటికొస్తా. ఏం మాట్లాడాలో, ఎట్ల ఆడించాలో అవ్వకు నేర్పిస్తా."

"వద్దు టీచరమ్మా!"

"ఏం, గ్లాసు నీళ్లన్నా ఇయ్యవా నాకు?"

బసమ్మ కొడుకును ఒళ్లోకి లాక్కుంది.

ఇంకా చీకటుండగానే ప్రేమలత వచ్చేసరికి బసమ్మ సద్ది మూట కట్టుకుంటోంది. రేకుల ఇంట్లో ఒకే గది. మూలన లోకేష్ బొరుగులు ఏరుకుని తింటున్నాడు. వాడి పక్కన చెంబుతో నీళ్లు పెట్టి ఉన్నాయి. ఇంటి వెనకే కాలువ నిండుగా పారుతున్న చప్పుడు.

"అవ్వ యాడ బసమ్మా?"

బసమ్మ చేతులు మూట మీదే ఆగిపోయాయి. "పోయిన ఉగాదికి ముందే సచ్చిపోయింది."

"మరి ఇన్నాళ్లూ వీణ్ని చూసుకున్నదెవరు?"

వీధి మొగదల ఆటో హారన్ మోగింది.

"బసక్కా, వస్తాండావా లేదా? మేస్త్రీ తిడతాండాడు!" ఆటోలోంచి దేవక్క కేకేసింది.

ఆ కేక వినగానే లోకేష్ తినడం ఆపి లేచాడు.

తలుపు వెనక ఉన్న తాడు తెచ్చి అమ్మ చేతికిచ్చి, కాలు చాచాడు.